మొగ దగ్గరి వంతు

సర్కారు మనిషి చేతికి పక్షపాతం ఉండదని ఉప్పుమేడు వాళ్లకు ఎవరు చెప్పారో గాని, ఆ ఏడాది వలవంతుల కుండలో చేయి పెట్టడానికి వీరరాఘవులును పిలిచారు.

ఉప్పుమేడు అంటే ఎన్నూరుకు ఉత్తరాన, ఒక పక్క సముద్రమూ మిగతా పక్కల ఏరూ చుట్టుకున్న ఇసుక దీవి. చేపలు పట్టే పట్టపు వాళ్ల గుడిసెలు, కాసిని తాటిచెట్లు, ఒక గంగమ్మ గుడి, అంతే ఊరు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నుంచి లోపలి మడచెట్ల బురద దాకా గుంజలు పాతి వల కట్టుకునే చోట్లు ఏడున్నాయి. మొగ దగ్గరి చోటు దొరికిన ఇంట్లో ఆ ఏడాది పొయ్యి చల్లారదు. బురద చోటు దొరికిన ఇంట్లో అది ఎప్పుడు వెలుగుతుందో గంగమ్మకే తెలియాలి. అందుకని ఏటా అరవవాళ్ల మాసి నెల అమావాస్యకు ముందు ఊరంతా గుడి ముందు కూచుని వంతులు వేసుకుంటారు. ప్రతి ఇల్లూ తన వలకు కట్టే కాల్చిన మట్టిగుండు ఒకటి తెచ్చి కుండలో వేస్తుంది. ఎవరి గుండు మీద వారి గుర్తు ఉంటుంది. ఆ ఊళ్లో చుట్టరికం గాని పేచీ గాని లేని మనిషి ఎవరైనా ఒక్కొక్కటే తీయాలి. మొదట వచ్చినదానికి మొగ, ఆఖరున వచ్చినదానికి బురద. లోపలికి పోయిన చేయి దొరికినదానితో బయటికి రావాలి, వెతకకూడదు. వచ్చిన వంతును మరుసటి ఏడు దాకా ఎవరూ కాదనకూడదు. వద్దనుకున్న చోటు ఇంకొకరికి పోదు, ఆ ఏడాదికి అది గంగమ్మది. తప్పు జరిగిందని ఎవరైనా నలుగురిలో నిలబడి నోటితో చెబితేనే మళ్లీ కుండ పెడతారు. అలా చెప్పిన మనిషి ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు.

ఇన్నేళ్లూ అవతలి గట్టు మీది ఉప్పుకొఠారు కావలివాడు వచ్చి గుండ్లు తీసిపోయేవాడు. ముసలితనం వచ్చి ఆయన అరక్కోణంలో కూతురింటికి చేరాడు. ఇంకెవరని వెతుక్కుంటే వీరరాఘవులు కనిపించాడు.

వీరరాఘవులు మద్రాసు ఫిషరీసు ఆఫీసులో ఫీల్డు ఇన్‌స్పెక్టరు. పురసవాక్కంలో పుట్టి పెరిగిన తెలుగువాడు. రాష్ట్రం విడిపోయినప్పుడు తోటి తెలుగు గుమాస్తాలు సగం మంది కర్నూలు రైలెక్కితే, సముద్రం లేని ఊళ్లో తనకేం పని అని ఉండిపోయాడు. రెండేళ్లుగా వారం వారం ఎన్నూరు దాకా రైల్లో వచ్చి, పడవలో దీవికి దాటి, పల్చటి గుడ్డవలతో నీళ్లు వడగట్టి, గింజంతేసి రొయ్యపిల్లల్ని సీసాల్లోకి ఎత్తుకుంటున్నాడు. ఊరు ఆయనకు రొయ్యపిల్లల అయ్య అని పేరు పెట్టింది. ఎప్పుడొచ్చినా ఆయన పాట ఒక్కటే. సముద్రంలో పుట్టిన పిల్లలు ఏట్లోకి రావడానికి మొగ తప్ప దారి లేదు, ఆ ఒక్క చోటు ఒక్క ఏడాది వదిలిపెట్టండి, మిగతా వలలన్నిటికీ రొయ్య రెట్టింపు పడుతుంది, పక్క ఇసుకలో గుడ్లు పెట్టే ఆలా పిట్టలు కూడా బతుకుతాయి. ఊరు తల ఊపేది. వదిలిపెట్టేది ఎవరని అడిగితే మాత్రం ఎవరి పాదాలు వారు చూసుకునేవారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పిట్టల కోసం పిల్లల్ని పస్తు పెట్టమంటే మనమైనా అదే చేస్తాం.

వంతుల రోజు గుడి ముందు చాప వేశారు. ఊరిపెద్ద ఏళుమలై నడుముకు పంచె బిగించి, కుండను చాప మధ్య పెట్టి, దాని మూతికి పసుపుగుడ్డ కప్పాడు. ఒక్కో ఇంటాయన వచ్చి గుడ్డ కింద చేయి దూర్చి గుండు వదిలాడు. ఆఖరున తంగమ్మ వచ్చింది. ఆమె చీర కొంగు తల మీదికి లాక్కుని గుండు వేస్తుంటే ఊరు మొత్తం ఇసుక వంక చూసింది. ఆమె మొగుడు పోయిన వానకాలంలో జ్వరంతో పోయాడు. మగదిక్కు లేని ఇంటి గుండుకు కుండలో ఒక్క ఏడాదే చోటు. ఈ ఏడు ఏ వంతు వస్తే అదే, వచ్చే ఏటి నుంచి ఆ ఇంటికి ఏట్లో చోటుండదు. వల కట్టడానికి పళవేర్కాడు నుంచి ఆమె తమ్ముడు సుబ్బన్ వచ్చి ఉన్నాడు గాని, వేరే ఊరివాడు లెక్కకు రాడు.

ఇదంతా వీరరాఘవులుకు తెలుసు. ఆమె మొగుడున్నప్పటి నుంచి ఆయన మధ్యాహ్నపు అన్నం ఆ ఇంటి అరుగు మీదే. మొగుడు పోయాక కూడా ఆ అలవాటు తప్పలేదు. వేడన్నం, రొయ్యల పులుసు తలుపు పక్కన పెట్టి ఆమె లోపలికి పోయేది. ఈయన తిని, ఆకు తీసి, చెప్పకుండానే వెళ్లిపోయేవాడు. పెట్టినదానికి ఏమీ తీసుకోదు. ఆ అప్పు ఎలా తీర్చాలో ఆయనకు తోచేది కాదు, అయినా తినేవాడు.

కుండ ముందు కూచున్నప్పుడు ఆయన మనసులో దురుద్దేశం ఏమీ లేదు. ఇంతమంది తన చేతిని నమ్మారని కాస్త గర్వంగానే ఉంది. పసుపుగుడ్డ కింద చేయి పెట్టాడు. చల్లగా గుండ్లు తగిలాయి. ఒకటి దానంతటదే అరచేతిలోకి వచ్చింది. దాని మీద మూడు గీతలు వేలికి తెలిశాయి. ఎవరిదా అని ఆలోచించలేదు. ఆలోచించలేదని తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. తంగమ్మ గుండు ఎలా ఉంటుందో మాత్రం వేళ్లకు తెలుసు. ఆమె మొగుడు పచ్చిమట్టిలో బొటనవేలు అదిమి గుంట చేసేవాడు, అదే వాళ్లింటి గుర్తు. అరుగు మీద కూచున్నప్పుడు అలాంటివి ఎన్నిసార్లు చేతిలో దొర్లించి ఉంటాడో.

అరచేయి విప్పాడు. మూడు గీతల గుండు మిగతా గుండ్ల మీద పడి టక్కుమంది.

పెద్ద చప్పుడేమీ కాదు. కాని ఆ సమయానికి గాలి కూడా లేదు. వీరరాఘవులు తలెత్తలేదు. వేళ్లు కుండ అడుగున తడుముకుంటూ పోయి, గుంట ఉన్న గుండును పట్టుకుని పైకి తెచ్చాయి.

ఏళుమలై దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, గుంట మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత పైకెత్తి చూపించి, "తంగమ్మ," అన్నాడు.

మిగతా గుండ్లు చకచకా వచ్చాయి. ఇక ఏదీ ఏరుకోలేదు, తడమలేదు, ఆ పని చేస్తున్న చేయి తనది కానట్టే తీశాడు. మూడు గీతల గుండు ఆఖరున వచ్చింది. ఏళుమలై, "అరుముగం, బురద," అన్నాడు. వెనక వరసలో కూచున్న అరుముగం లేచి, పంచెకంటిన ఇసుక దులుపుకుని, ఒకసారి నవ్వాడు. ఆయనకు బురద చోటు రావడం వరసగా ఇది మూడో ఏడు.

వీరరాఘవులును అవతలి గట్టుకు దింపే పని ఆ రోజు అరుముగానిదే. దీవిలో అదొక మర్యాద, అయ్యను దింపే వంతు ఇంటింటికీ తిరుగుతుంది. ఇంకొకరు దింపుతారులెమ్మని వీరరాఘవులు అన్నాడు. అరుముగం వినిపించుకోలేదు. పడవను నీళ్లలోకి నెట్టి, కూచునే పలకను తన పైతుండుతో తుడిచి, కూచోమన్నాడు.

తెడ్డు పట్టిన అరుముగం చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. నూలువల నీటికి కుళ్లకుండా చెట్టుబెరడు రసంలో ఉడకబెడతారు. ఆ రంగు నెలకు గాని వదలదు. ఈ ఏడు మొగ వస్తుందన్న ఆశతో కొత్త వల అల్లి, రసం పట్టించి, ఆరబెట్టుకుని సిద్ధంగా ఉన్నాడన్న మాట. వీరరాఘవులు చూపు ఆ చేతుల మీద నుంచి తీసి నీళ్లలో పెట్టాడు.

"కొత్త వలా అరుముగం?"

"అవును సామీ. మా ఆడది, నేను, ఇద్దరం కూచుని అల్లినాము. దానికి నెలలు నిండినాయి, వంగలేదు. అయినా అల్లింది."

"బురదలో..."

"బురదలో కూడా రొయ్య ఉంటాదిలే సామీ. కొంచం ఓపిగ్గా ఉండాల." తెడ్డు ఒకసారి గట్టిగా వేశాడు. "మీరేం దాని గురించి మనసులో పెట్టుకోవద్దండి."

ఈ ఆఖరి మాట ఎందుకన్నాడు? కుండలో గుండు పడ్డ చప్పుడు విన్నాడా, వినలేదా? వీరరాఘవులు మొహం మండిపోయింది. గట్టు రాగానే దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా స్టేషను వైపు నడిచాడు. పడవ తిరిగి పోయే చప్పుడు చాలాసేపు వినిపించింది.

పురసవాక్కంలో భార్య పంకజం ఆ కబురు విని మురిసిపోయింది. మొగుడు కంపు సీసాలతో ఇంటికొచ్చే ఉద్యోగం చేస్తున్నాడని ఆమెకు లోలోపల కొంచెం నామోషీ. అలాంటిది ఒక ఊరు ఊరంతా పిలిచి కుండలో చేయి పెట్టించిందంటే మాటలా. సాయంత్రం నీళ్ల కొళాయి దగ్గర పక్కింటి అలమేలుకు చెప్పింది. అలమేలు మేడ మీది వాళ్లకు చెప్పింది. మర్నాడు వీరరాఘవులు బస్సు కోసం నిలబడితే బట్టల కొట్టాయన కూడా దండం పెట్టి, "పంచాయతీ పెద్ద అయిపోయినారంట గదా," అన్నాడు.

"ఏమండీ, ఎవరికి వచ్చింది మంచి చోటు?" అని పంకజం అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఒకామెకి. మొగుడు పోయినామె."

"పావం. దేవుడే మీ చేతిలో కూచున్నాడు పొండి."

ఆయన విస్తట్లో చేయి కడిగేసుకున్నాడు.

ఆఫీసులో సూపరింటెండెంటు కృష్ణన్ మంచివాడు. పని చేసేవాళ్లను గుర్తుపెట్టుకునే మనిషి. రామేశ్వరం పక్క దీవుల్లో పగడపు దిబ్బలనూ, తాబేళ్లనూ, చేపలనూ కాపాడడానికి ఒక కొత్త ఉద్యోగం వేస్తున్నారు. దీవి మీదే ఇల్లు, సొంత పడవ. వీరరాఘవులు ఆ ఉద్యోగం గురించి నిద్రలో కూడా ఆలోచిస్తాడని ఆఫీసు మొత్తానికీ తెలుసు. కృష్ణన్ ఆయన్ను పిలిచి, శుక్రవారం ఉప్పుమేడు చూడ్డానికి తానే వస్తానని అరవంలో చెప్పాడు. "రెండేళ్ల పని కళ్లారా చూసి, పైకి నీ పేరే రాస్తాను," అన్నాడు. వేరే రోజైతే వీరరాఘవులు ఎగిరి గంతేసేవాడు.

బుధవారం నాడే ఒక్కడూ దీవికి వెళ్లాడు. అమావాస్య దాటింది. ఆటుకు నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. గుంజలకు కట్టిన వలలు ఉబ్బి నిలబడి ఉన్నాయి. ఒడ్డు వెంట నడుస్తూ పోయాడు. లోపల బురదలో తొడల దాకా దిగబడి అరుముగం వల సంచి విప్పుకుంటున్నాడు. ఆయన పలకరించలేదు, ఈయన ఆగలేదు. మొగ దగ్గరికి చేరేసరికి ఆటు సగం తీసింది.

అక్కడ గుంజలు లేవు. వల లేదు. మనిషి అడుగు పడని ఇసుక మీద, తలకు నల్లటోపీ పెట్టినట్టుండే చిన్న తెల్ల ఆలా పిట్టలు గుంపులుగా దిగి ఉన్నాయి. ఆయన దగ్గరికి వెళ్లగానే లేచి నెత్తిమీద అరుస్తూ తిరిగాయి. వంగి చూస్తే ఇసుకలో చేసుకున్న గుంటలు కనిపించాయి. రెండేళ్లుగా ఈ దృశ్యం కోసమే ఊరి కాళ్లావేళ్లా పడ్డాడు. ఇప్పుడది కళ్ల ముందుంటే ఆయనకు నిలబడబుద్ధి కాలేదు.

తంగమ్మ ఇంటి ముందు తాటాకు చాప మీద ఎండురొయ్యలు తిరగేస్తోంది. ఆయన్ను చూసి లేచి, కొంగు సర్దుకుని, గడపకు ఇవతలే నిలబడింది. అరుగు మీద ఆకు వేయలేదు.

"మొగలో వల దించలేదేం తంగమ్మా?"

"వద్దనుకున్నామయ్యా."

"ఎందుకు? నీ గుండే గదా మొదట వచ్చింది."

ఆమె చేతిలోని రొయ్య తలను తుంచి పక్కన పడేసింది. "నా గుండు రాలేదు. మీరు తెచ్చినారు."

వీరరాఘవులు అరుగు అంచున కూచున్నాడు.

"పోయినాయన గుర్తు మీ చేతికి తెలుసునని ఊర్లో అందరికీ తెలుసు," అంది తంగమ్మ నెమ్మదిగా. "ఇంతటితో పోనీండయ్యా. ఎవురితోనూ దీని గురించి నోరెత్తొద్దు. మా తమ్ముడు కూలి పడవలో పోతాండాడు, నాకు ఎండురొయ్యలుండాయి, గడిచిపోతాది."

"నేను మంచి జరగాలనే..."

"తెలుసు. ఇంక ఈడికి అన్నానికి రావొద్దండి."

ఎంత పెద్ద మనసు ఈమెది అనుకున్నాడు వీరరాఘవులు. నా తప్పు బయటపడకూడదని తన ఆఖరి వంతునే వదులుకుంది. ఆ ఆలోచనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనిషి తన గురించే ఆలోచించుకునేటప్పుడు కూడా ఎంత సులభంగా కన్నీళ్లు వస్తాయో.

అక్కడి నుంచి తిన్నగా ఏళుమలై దగ్గరికి పోయాడు. పెద్దాయన తిరగేసిన పడవ కింద కూచుని, సందుల్లో కొబ్బరిపీచు దట్టించి కొయ్యసుత్తితో కొడుతున్నాడు.

"మామా, ఆ రోజు కుండ దగ్గర..." అని మొదలుపెట్టాడు.

ఏళుమలై సుత్తి దెబ్బ ఒకటి పీచు మీద వేశాడు. "ఏమీ జరగలే అయ్యా ఆ పొద్దు. వంతులేసినాము, అయిపోయినాది."

"అరుముగానికి..."

"అరుముగాన్ని మేము చూసుకుంటాము. మొగ చోటు గంగమ్మది అయింది. మీకు కావాల్సింది కూడా అదే గదా. పిట్టలు గూడా వచ్చినాయి." మళ్లీ సుత్తి ఎత్తాడు. "సుమ్మా ఊరికే వదిలేయండి. పుణ్యముంటాది."

మాట ఇంక పొడిగించనివ్వలేదు. వీరరాఘవులు రైల్లో కూచుని దారి పొడవునా అదే తలుచుకున్నాడు. ఊరంతటికీ తెలుసు. తెలిసీ ఒక్కరూ వేలెత్తి చూపలేదు. పెద్దింటి మనిషి, సర్కారు అయ్య, తలొంచుకునేలా చేయకూడదని గుటక మింగి ఊరుకున్నారు. అంత మర్యాదకు తను తగడు. ఆ సిగ్గు ఆయన్ను పేలాల మూకుట్లో వేసి వేయించినట్టు వేయించింది. ఇంటికి పోయాక పంకజం ఒకటి అడిగితే ఒకటి చెప్పాడు.

శుక్రవారం పొద్దున కృష్ణన్ దీవికి వచ్చాడు. బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడుచుకుని, చిన్నపిల్లాడిలా మొగ దాకా నడిచాడు. ఇసుక గుంటల్లో చుక్కల గుడ్లు కనిపించాయి. కృష్ణన్ వంగి చూశాడు గాని ముట్టుకోలేదు. ఏట్లోకి పోటు ఎక్కుతోంది. వీరరాఘవులు గుడ్డవల ఒకసారి లాగి చూపిస్తే, దాని అడుగున రొయ్యపిల్లలు గుప్పెడు, ఎన్నడూ పడనన్ని పడ్డాయి.

"వీరరాఘవులూ, ఇది ఎక్కడా ఎవరూ చేయలేని పని. జుల్మానా లేదు, పోలీసు లేడు. చేపలు పట్టుకునే వాళ్లే తమంతట తాము మంచి చోటు వదిలిపెట్టడమా!" కృష్ణన్ ఆయన భుజం తట్టాడు. "నీ దీవుల ఉద్యోగం ఖాయమనుకో."

గుడి ముందు ఊరు కూడింది. అధికారి వచ్చాడంటే కూడకుండా ఎలా ఉంటారు. మగవాళ్లు ఒక పక్క, గుడి గోడకు చేరబడి ఆడవాళ్లు ఒక పక్క. వాళ్లలో తంగమ్మ కూడా ఉంది. అరుముగం బురదలోంచి తిన్నగా వచ్చాడు. ఎండిన బురద ఆయన తొడల మీద పగుళ్లిచ్చింది. చేతిలో బుట్ట అడుగున గుక్కెడు పులుసుకు సరిపోయేటన్ని రొయ్యలున్నాయి.

"మొగ చోటు వదిలిపెట్టమని ఈయన రెండేళ్లు అడిగితే మీరు ఒప్పుకోలేదట. ఈ ఏడు ఎలా ఒప్పుకున్నారు?" అని కృష్ణన్ ఏళుమలైని అరవంలో అడిగాడు.

ఏళుమలై చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్య చెప్పినాడు. మేము విన్నాము," అన్నాడు.

అబద్ధం. తన కోసం ముసలాయన అధికారి ముందు, గంగమ్మ ముందు అబద్ధం చెప్పాడు. వీరరాఘవులు అరుముగం వంక చూశాడు. అరుముగం బుట్టను వెనక్కి పెట్టుకున్నాడు. అందులో ఎంత తక్కువ ఉందో అధికారికి కనిపించకూడదనుకున్నాడేమో. అది చూశాక ఇక ఆగలేకపోయాడు. ఉద్యోగం పోతే పోయింది. దీవులు పోతే పోయాయి.

"కాదు సార్," అన్నాడు. ఊరందరికీ తెలియాలని తర్వాత తెలుగులోకి దిగాడు. "వంతుల కుండలో నేను తప్పు చేసినాను. మొదట నా చేతికి వచ్చింది అరుముగం గుండు. దాన్ని కింద వదిలేసి, తంగమ్మ గుండు వెతికి తీసినాను. మొగ చోటు ఎవరూ వదిలిపెట్టలేదు. నా తప్పు మీద అది ఖాళీగా ఉంది. గంగమ్మ ముందు నా నోటితో చెప్తాండాను. మళ్లీ కుండ పెట్టండి."

కృష్ణన్‌కు తెలుగు మాట్లాడడం రాదు గాని అర్థమవుతుంది. "నేను పడవ దగ్గర ఉంటాను," అని బూట్లు చేత పట్టుకుని వెళ్లిపోయాడు.

వీరరాఘవులుకు ఛాతీ తేలికైంది. ఇన్నాళ్లకు ఊపిరి పూర్తిగా అందింది. జీవితంలో ఒక్కసారైనా నిలబడాల్సినచోట నిలబడ్డాననుకున్నాడు. అరుముగం మొహంలో వెలుగు కోసం చూశాడు.

అరుముగం ఆయన్ను చూడడం లేదు. గుడి గోడ వైపు చూస్తున్నాడు. మగవాళ్లంతా అటే చూస్తున్నారు. గోడకు చేరబడిన ఆడవాళ్లు ఎప్పుడు జరిగారో, తంగమ్మకు అటూ ఇటూ జాగా ఏర్పడింది. ఆమె ఒక్కతే గోడను ఆనుకుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుబ్బన్ జనంలోంచి ముందుకొచ్చాడు. కుర్రవాడేమీ కాదు, పాతికేళ్లవాడు. గొంతు పెంచలేదు.

"మా అక్క గుండే ఎందుకు వెతికినారయ్యా?"

వీరరాఘవులు నోరు తెరిచాడు. జాలిపడి అనబోయాడు. ఆమె అన్నం తిన్నాను గనక అనబోయాడు. ఆమె మొగుడి గుర్తు నా వేళ్లకు తెలుసు గనక అనబోయాడు. ఒక్కో జవాబూ నాలుక చివరికి వచ్చాక, నలుగురి చెవుల్లో అది ఎలా వినబడుతుందో ఆయనకే వినిపించింది. అన్నీ నిజాలే. ఒక్కటీ ఆ ఆడమనిషి ముందు, ఆ ఊరి ముందు, పైకి అనగలిగింది కాదు. వయసులో ఉన్న విధవ. మొగుడు పోయాక కూడా ఆమె అరుగు మీద అన్నం తిన్న మగవాడు. ఆయన ఊరుకున్న కొద్దీ ఆ నిశ్శబ్దం కూడా ఒక జవాబై కూచుంది.

వెనక ఎవరో ఆడమనిషి గొంతు తగ్గించి ఏదో అంది. ఇంకొకామె దగ్గింది.

తంగమ్మ గోడ వదిలి ముందుకు నడిచింది. "కుండ పెట్టండి మామా," అంది ఏళుమలైతో. "అరుముగం బావకు అన్యాయం జరిగినాది, అది సరి చేయండి. దాంట్లో మా ఇంటి గుండు ఉండదు." ఇంకెవరినీ చూడకుండా గుడిసెకు పోయింది. సుబ్బన్ ఆమె వెనకే పోయాడు. తలుపు తడిక మూసుకుంది.

జనం విడిపోయారు. అరుముగం బుట్టను నేల మీద పెట్టి, "మొగ నాకే వచ్చినా, ఆమెకు ఇంత జరిగినాక ఎట్ట దించేది ఆడ వల," అని ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు. ఇంటికి పోయాడు.

ఏళుమలై ఒక్కడే మిగిలాడు. వీరరాఘవులు ఆయన చేయి పట్టుకున్నాడు.

"మామా, మీరందరూ నా పరువు కాపాడడానికి నోరు మూసుకున్నారు. అది నేను ఓర్చుకోలేకపోయినాను. అందుకే చెప్పినాను."

ఏళుమలై చేయి విడిపించుకోలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. అలసిపోయిన మనిషిలా చూశాడు.

"మీ పరువా అయ్యా? మీరు సాయంత్రం రైలెక్కి పోతారు. ఇప్పుడా సుబ్బన్ అడిగినాడే, ఆ మాట ఈ ఊర్లో ఎవురూ అడగకూడదనే మేము నోరు మూసుకున్నాము." మూసిన తడిక వైపు గడ్డంతో చూపించాడు. "ఆమె ఈడనే ఉండాల గదా."